వేళకింత తిండి పెడుతున్నారుగా!

ఆడదాని నోరు మూయించడానికి మన ఇళ్ళల్లో ఒక వాక్యం తరతరాలుగా వాడుకలో వుంది. “వేళకింత తిండి పెడుతున్నారుగా, నీకేం తక్కువ?” అన్నదే ఆ వాక్యం. నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళొస్తానన్న కోడలికి అదే జవాబు. చదివిన చదువు వృథా కాకుండా ఏదైనా పని చేసుకుంటానన్న ఇల్లాలికీ అదే జవాబు. తిండీ, బట్టా, నెత్తిన కప్పూ వున్నాక ఇంకేదో కావాలనుకోవడమే తప్పన్నట్టు చెబుతారు. అలా చెప్పేవాళ్ళంతా దుర్మార్గులేమీ కారు. చాలామంది నిజంగానే అలా నమ్ముతారు. అసలు చిక్కు అక్కడే వుంది.

ఈ వాక్యం ఆడవాళ్ళకి మాత్రమే అనుకునేదాన్ని. కాదట, డాల్ఫిన్లకీ వర్తిస్తుందట!

కిందటేడు వేసవిలో అమ్మా, నేనూ అమెరికాలో మా చెల్లెలింటికి వెళ్ళాం. అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళకి చూడాల్సినవాటి పట్టీ ఒకటి సిద్ధంగా వుంటుంది కదా! ఒక జలపాతం, ఒక పెద్ద విగ్రహం, ఒక వెంకటేశ్వరస్వామి గుడి, నాలుగు పార్కులు. మా పట్టీలో ఒక ఆదివారం సముద్ర జంతువుల పార్కు వచ్చింది. దాని పేరు చెప్పను. అలాంటివి ప్రపంచంలో చాలా దేశాల్లో వున్నాయి. నా తగాదా ఏ ఒక్కదానితోనూ కాదు.

ముందుగా ఒక మాట. ఇంటిల్లిపాదీ కలిసి ఒకరోజు బయట గడపడాన్ని వెక్కిరించే రకం కాదు నేను. పొయ్యి మొహం చూడక్కర్లేని రోజులు ఇల్లాలికి ఏడాదికెన్ని వస్తాయి గనక! చెల్లెలి పిల్లలిద్దరూ కేకలు పెడుతూ నీళ్ళ జారుడుబండల మీద జారారు. చూస్తేనే కళ్ళు తిరిగే రైలొకటి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కారు. డెబ్భై నాలుగేళ్ళ మా అమ్మ కూడా చీరకుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రంగులరాట్నం ఎక్కింది. ఇదంతా సరదాగానే వుంది. యంత్రాన్ని ఎంతసేపు తిప్పినా దానికి నొప్పి లేదు, దిగులు లేదు.

మధ్యాహ్నం డాల్ఫిన్ల ఆట. గుండ్రంగా మెట్లు మెట్లుగా అరుగులు, వాటి నిండా జనం, మధ్యలో నీలంరంగు వేసిన కొలను. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు తడిసిపోతారని బోర్డు కట్టారు. అందుకని పిల్లలంతా కోరి కోరి అక్కడే కూర్చున్నారు. పాట మొదలవగానే డాల్ఫిన్లు జంటలుగా లేచి, గాలిలో విల్లులా వంగి, మళ్ళీ నీళ్ళలో పడ్డాయి. తోకల మీద నిలబడి వెనక్కి వెనక్కి వెళ్ళాయి. శిక్షణ ఇచ్చే అమ్మాయి చెయ్యి వూపితే రెక్క వూపాయి. గెంతు పూర్తయిన ప్రతిసారీ ఒడ్డుకి వచ్చి నోరు తెరిచాయి. ఆ అమ్మాయి నడుముకి కట్టుకున్న డబ్బాలోంచి ఒక చేప తీసి నోట్లో వేసేది. అప్పుడే తరవాతి గెంతు.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. మా అమ్మ మాత్రం నా చెవి దగ్గరికి వంగి, “గెంతుకో చేపా! ఊరికే పెట్టరుటే?” అంది.

పక్కనే వున్న మరిదిగారు ఆ మాట విని నవ్వారు. ఆయన చాలా మంచి మనిషి. పిల్లలకోసం ఎంత డబ్బైనా, ఎంత ఓపికైనా ఖర్చు పెడతారు. “సముద్రంలో అయితే ఏ పూట ఏం దొరుకుతుందో, ఎప్పుడు ఏ సొరచేప నోట్లో పడతాయో తెలీదండీ. ఇక్కడ వేళకింత తిండి, జబ్బు చేస్తే డాక్టరు. వీటికేం తక్కువ చెప్పండి వదినగారూ?” అన్నారు.

అంత గోలలో జవాబు చెప్పడానికి వీల్లేకపోయింది. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను. ఆయన ఒక్కరికే కాదు, ఆ మాట అనే అందరికీ.

వాటికి సముద్రం తక్కువ. ఆ ఒక్కటే తక్కువ!

ఈ పార్కుల చరిత్రంతా ఆ ఒక్క లోటు చుట్టూనే తిరుగుతుంది. అది బాగా తెలియాలంటే డాల్ఫిన్ల కన్నా వాటి పెద్దక్క ఓర్కా సంగతి చూడాలి. నలుపూ తెలుపూ కలిసిన పెద్ద జంతువది. తిమింగలం అని పిలుస్తారు గాని, నిజానికి డాల్ఫిన్ కుటుంబంలోకెల్లా పెద్దది. అమెరికాలో సీవరల్డ్ సంస్థ మొదటి పార్కు 1964లో శాండియాగోలో తెరిచారు. మరుసటి ఏడాదే వాషింగ్టన్ రాష్ట్రం తీరంలో ఒక పిల్ల ఓర్కాని పట్టారు. పట్టేటప్పుడు దాని తల్లి ఈటె దెబ్బకి చచ్చిపోయింది. ఆ పిల్లకి షాము అని పేరుపెట్టి ఆడించారు. 1971లో అది చనిపోయింది. పార్కులో బతికింది ఆరేళ్ళు. సముద్రంలో అయితే ఆడ ఓర్కాలు మామూలుగా యాభై ఏళ్ళ దాకా బతుకుతాయి, కొన్ని ఎనభై దాటిన దాఖలాలూ వున్నాయి. షాము పోయింది గాని షాము పేరు పోలేదు. తరవాత వచ్చిన ఓర్కాలని కూడా ఆటలో అదే పేరుతో పిలిచారు. చూసేవాళ్ళకి పాతది పోయిందనీ, కొత్తది వచ్చిందనీ తెలియనవసరం లేదు!

1970 ఆగస్టులో అదే రాష్ట్రంలో పెన్‌కోవ్ అనే చోట ఇంకా పెద్ద వేట జరిగింది. పడవలతో, బాంబుల మోతతో ఎనభైకి పైగా ఓర్కాలని ఒక మూలకి తోలి, వలలు వేసి, తల్లుల దగ్గరనుంచి పిల్లల్ని విడదీశారు. కొన్ని పిల్లలు వలల్లో చిక్కుకుని ఊపిరాడక చనిపోయాయి. ఆ సంగతి బయటికి రాకుండా వాటి పొట్టలు చీల్చి, రాళ్ళు నింపి ముంచేశారు. కొన్నాళ్ళకి అవి తీరానికి కొట్టుకొచ్చాయి. ఆ వేటలో పాల్గొన్న ఈతగాడొకాయన, ముసలివాడయ్యాక, 2013లో వచ్చిన ‘బ్లాక్‌ఫిష్’ అనే డాక్యుమెంటరీలో ఆ రోజు సంగతి చెబుతూ కంటతడి పెట్టుకున్నాడు. వల అవతల తల్లి, వల ఇవతల పిల్ల. రెండూ అరుస్తున్నాయిట.

ఆ రోజు పట్టి అమ్మినవాటిలో నాలుగేళ్ళ ఆడపిల్ల ఒకటుంది. టోకిటే అని మొదట పేరు. మయామీలో ఒక సముద్ర జంతువుల పార్కు వారు కొనుక్కుని లొలీటా అని మార్చారు. పెళ్ళితో ఇంటిపేరు మారడం మనకి తెలుసు. దానికి ఒంటిపేరే మారిపోయింది. అది పెరిగి ఇరవై అడుగుల జంతువయింది. అది తిరిగే తొట్టి పొడవు ఎనభై అడుగులు, లోతు ఎక్కువలో ఎక్కువ ఇరవై అడుగులు. రోజుకి నూరు మైళ్ళు కూడా అవలీలగా ఈదగల జాతి అది! నాలుగు ఈతలు వేస్తే గోడ, వెనక్కి తిరిగి నాలుగు ఈతలు వేస్తే మళ్ళీ గోడ. తోడుగా హ్యూగో అనే మగ ఓర్కా వుండేది. అది తల గోడకేసి కొట్టుకునేది. 1980లో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయింది. ఆ తరవాత నలభై మూడేళ్ళు లొలీటా తన జాతి ప్రాణిని మరొకదాన్ని చూడలేదు. 2023 మార్చిలో దాన్ని పుట్టిన సముద్రానికి చేరుస్తామని ప్రకటన వచ్చింది. ఆగస్టులో అది చనిపోయింది. యాభై మూడేళ్ళు వేళకింత తిండి పెట్టారు!

చదువుతున్న మీరంతా సంసారులు, తల్లులు. కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. ఓర్కాల సంసారం ఆడవాళ్ళ పెత్తనంలో నడుస్తుంది. ఆ పసిఫిక్ తీరపు గుంపుల్లో కూతుళ్ళే కాదు, కొడుకులు కూడా తల్లిని వదిలి వెళ్ళవు. మీసాలొచ్చిన కొడుకు అమ్మ కొంగు పట్టుకు తిరిగినట్టు, తల్లికన్నా పెద్దయిన మగ ఓర్కా తల్లి పక్కనే ఈదుతుంది. మనుషుల్లోలాగే ఆడ ఓర్కాలకి కూడా ఒక వయసు దాటాక కాన్పులు ఆగిపోతాయి. జంతు ప్రపంచంలో ఇది చాలా అరుదు. మరి ఆ తరవాత వాటి బతుకు దేనికి? శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి చూసి తేల్చిన సంగతేమిటంటే, చేపలు కరువైన రోజుల్లో గుంపుకి దారి చూపించేది ఆ పెద్దవాళ్ళే. అమ్మమ్మ బతికి వున్న పిల్లలే ఎక్కువగా దక్కుతాయట. అమ్మమ్మ ముందు నడిచి, ఎక్కడ చేపలు దొరుకుతాయో చూపిస్తుంది.

ఆ గుంపుల్లోనే తహ్లెక్వా అనే ఓర్కా వుంది. 2018 జులైలో దానికి బిడ్డ పుట్టి అరగంటకే చనిపోయింది. తల్లి ఆ శవాన్ని వదలలేదు. తలతో నీళ్ళ పైకి నెట్టుకుంటూ, జారిపోతే మునిగి మళ్ళీ ఎత్తుకుంటూ పదిహేడు రోజులు వెయ్యి మైళ్ళు తిరిగింది. మరో బిడ్డ పోతే 2025 జనవరిలో మళ్ళీ అలాగే మోసుకు తిరిగింది. కడుపుకోత అన్న మాటకి ఇంతకన్నా నిర్వచనం ఏ నిఘంటువులో వుంది?

ఇటువంటి తల్లుల దగ్గరనుంచి పార్కుల అవసరాన్ని బట్టి పిల్లల్ని వేరు చేశారు. 1985లో సీవరల్డ్ ఆర్లండో పార్కులో కలీనా అనే ఆడపిల్ల పుట్టింది. పార్కులో పుట్టి దక్కిన మొట్టమొదటి ఓర్కా అదే. దేశమంతా పండగ చేసుకుంది. నాలుగేళ్ళు దాటాక దాన్ని తల్లి దగ్గరనుంచి తీసి ఇంకో ఊరి పార్కుకి పంపేశారు. ఆ తల్లి తొట్టిలో ఒక మూలకి చేరి వణుకుతూ, ఏడుస్తూ వుండిపోయిందని అక్కడ పనిచేసిన అమ్మాయే పెద్దయ్యాక చెప్పింది. ఆ మర్నాడూ ఆట వుంటుంది, టిక్కెట్లు అమ్ముడవుతాయి. ఇంట్లో ఏం జరిగినా అతిథుల ముందు నవ్వుతూ కాఫీ అందించడం మనకి అలవాటే కదా!

నవ్వు అంటే గుర్తొచ్చింది. డాల్ఫిన్ ఎప్పుడూ నవ్వుతున్నట్టే వుంటుంది. దాన్ని చూసి “ఎంత ఆనందంగా వున్నాయో!” అనుకుంటాం. ఆ నవ్వు దాని దవడ ఎముక వంపు తప్ప ఇంకేమీ కాదు. ఆకలేసినా అదే మొహం, జబ్బు చేసినా అదే మొహం, చచ్చిపోయినా అదే మొహం. “మా కోడలు ఎప్పుడూ నవ్వుతూనే వుంటుందండీ” అని మురిసిపోయే అత్తగార్లని చాలామందిని చూశాను. ఆ నవ్వు వెనక ఏముందో అడగాలన్న ఆలోచన వాళ్ళకి రాదు.

“పిల్లలకి విజ్ఞానం అండీ” అంటారు ఇంకొందరు. ఏమిటో ఆ విజ్ఞానం! అక్కడ మగ ఓర్కాలని చూసిన పిల్లవాడు వాటి వీపు మీది రెక్క పక్కకి వాలి వుంటుందని నేర్చుకుంటాడు. సముద్రంలో తిరిగే మగ ఓర్కాకి ఆ రెక్క ఆరడుగుల ఎత్తున నిటారుగా నిలబడుతుంది. పార్కుల్లో పెరిగిన మగవాటికే దాదాపు అన్నిటికీ అది వాలిపోతుంది. డాల్ఫిన్ నీళ్ళలోకి టకటకమని శబ్దాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో చీకట్లో కూడా లోకాన్ని ‘చూస్తుంది’. నాలుగు గోడల తొట్టిలో ఆ ప్రతిధ్వని ఏం చెబుతుంది? గోడ వుందని చెబుతుంది. ఇది ఏ ఆటలోనూ చూపించరు. మా చెల్లెలి కొడుక్కి డైనోసార్ల పేర్లు నలభై దాకా వచ్చు. ఏది గడ్డి తినేదో, ఏది మాంసం తినేదో గడగడా చెబుతాడు. వాడు ఒక్క డైనోసార్ని ప్రాణంతో చూశాడా? పుస్తకం, సినిమా, చెప్పే పెద్దవాళ్ళు వుంటే పిల్లవాడికి చాలు. ఎదురుగా కట్టేసి చూపించక్కర్లేదు.

“గాయపడిన జంతువులని వాళ్ళే కదా కాపాడేది” అన్న వాదనా వుంది. అది నిజమే, కాదనను. దెబ్బ తగిలిన సముద్రసింహాలని, తాబేళ్ళని తెచ్చి వైద్యం చేసి మళ్ళీ సముద్రంలో వదిలే పని ఈ పార్కులు కొన్ని చేస్తున్నాయి. ఆ పని చేసేవాళ్ళకి నమస్కారం. కాని ఆస్పత్రి వున్నంత మాత్రాన పక్కనే రోగుల చేత నాట్యం చేయించాలా? ఆస్పత్రి కావాలంటే ఆస్పత్రికే చందా అడగండి, ఇస్తాం.

“కోళ్ళని తింటాం, గుడి ముందు ఏనుగుని గొలుసుతో కట్టేస్తాం, నీకు డాల్ఫిన్ మీదే జాలా?” అని నన్ను అడగబోయేవాళ్ళకి కూడా జవాబుంది. గొలుసుతో కట్టేసిన ఏనుగు మీదా నాకు జాలే. దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఒక తప్పుని చూపించి ఇంకో తప్పుని కాపాడుకోవడం పిల్లలు చేసే పని. “వాడూ అల్లరి చేశాడుగా!” అంటే మనం వూరుకుంటామా?

ఇంతకీ ఈ కథలో మనుషుల ప్రాణాలూ పోయాయి. తిలికుం అనే మగ ఓర్కాని 1983లో ఐస్‌లాండ్ తీరంలో పట్టారు. అప్పుడు దానికి రెండేళ్ళు. కెనడాలో ఒక పార్కులో, తరవాత ఆర్లండోలో ఆడించారు. 1991లో, 1999లో, 2010లో ఒక్కొక్కరు దాని తొట్టిలో చనిపోయారు. చివరిగా పోయినామె పదేళ్ళకు పైగా అనుభవం వున్న శిక్షకురాలు, ఆ జంతువుని ప్రేమగా చూసుకున్న మనిషి. సముద్రంలో తిరిగే ఓర్కా మనిషిని చంపినట్టు రుజువైన సంఘటన ఒక్కటి లేదు. తొట్టిలో పెట్టాక చంపింది. తప్పు ఆవిడదీ కాదు, దానిదీ కాదు. తిలికుం 2017 జనవరిలో అదే పార్కులో చనిపోయింది.

‘బ్లాక్‌ఫిష్’ వచ్చింది దాని కథ మీదే. దాని తరవాత ఏం జరిగిందో గమనించండి, మనకి కావలసిన పాఠం అక్కడుంది. ఏ దేవుడూ దిగి రాలేదు. జనం టిక్కెట్లు కొనడం తగ్గించారు, అంతే! 2014 ఆగస్టులో ఒక్కరోజులో సీవరల్డ్ షేరు ధర మూడోవంతు దాకా పడిపోయింది. 2016 మార్చిలో, ఇక మీదట తమ పార్కుల్లో ఓర్కాలకి పిల్లలు పుట్టనివ్వబోమని ఆ సంస్థే ప్రకటించింది. ఆ ఏడే కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. 2019లో కెనడా, 2021లో ఫ్రాన్సు చట్టాలు చేశాయి. పిల్లల చెయ్యి పట్టుకుని వేరే దారిన వెళ్ళిన తల్లులూ తండ్రులూ సాధించిన విజయం అది.

మన దేశం సంగతి చూస్తే గర్వంగా వుంటుంది. సర్కసుల్లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల చేత ఆటలాడించడాన్ని 1998లోనే నిషేధించారు. 1990లలో చెన్నై దగ్గర ఒక వినోద పార్కుకి విదేశం నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. మళ్ళీ అలాంటి పార్కులు కడతామని కొన్నిచోట్ల ప్రతిపాదనలు వచ్చినప్పుడు, 2013 మేలో కేంద్రం వద్దని ఖండితంగా చెప్పింది. ఇంత తెలివైన ప్రాణిని ఆటకోసం బంధించడం నైతికంగా తప్పని ఆ ఉత్తర్వులో రాశారు. మంచి పని! మరి మనమేం చేస్తున్నాం? మన ఊళ్ళో తప్పని మానేసినదాన్ని చూడటానికి పాస్‌పోర్టు తీసుకుని దుబాయి వెళ్తున్నాం, బ్యాంకాక్ వెళ్తున్నాం, అమెరికా వెళ్తున్నాం! ఇంట్లో తాగకూడదని నియమం పెట్టుకుని పక్కింట్లో తాగి వచ్చే పెద్దమనిషికీ మనకీ తేడా ఏముంది?

అయితే వున్నవాటిని రేపే సముద్రంలోకి వదిలెయ్యమంటున్నానా? అనడం లేదు. అది అంత సులువు కాదు. ‘ఫ్రీ విల్లీ’ సినిమాలో నటించిన కైకో అనే ఓర్కాని ఏళ్ళ తరబడి తర్ఫీదిచ్చి 2002లో స్వేచ్ఛగా తిరగనిచ్చారు. అది మనుషులని వెతుక్కుంటూ నార్వే తీరానికి చేరింది. మరుసటి ఏడు అక్కడే చనిపోయింది. చిన్నప్పుడే రెక్కలు కత్తిరించి, నలభయ్యో ఏట “ఇక నీ ఇష్టం, ఎగురు” అంటే ఎగరడం కష్టమే. ఆ మాట కూడా మనకి తెలిసినదే. కాబట్టి వున్నవాటిని సముద్రంలోనే వలకట్టి చేసిన విశాలమైన చోట్లకి చేర్చాలి. కొత్తవాటిని పట్టకూడదు, పుట్టించకూడదు. బతికినన్నాళ్ళూ ఊరికే తిండి పెట్టాలి. మా అమ్మ అడిగింది అదే కదా!

“అయితే పిల్లలకి సరదా వద్దా?” అంటారు. ఎందుకు వద్దూ! జారుడుబండలున్నాయి, రాట్నాలున్నాయి, తిప్పే రైళ్ళున్నాయి. జంతువులే కావాలా? చలికాలం చివర్లో మన కోస్తా ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అటవీశాఖవారు, స్వచ్ఛంద కార్యకర్తలు గుడ్లని కాపాడి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. అరచేతిలో పట్టే తాబేలు పిల్ల అలల వైపు పాకుతుంటే ఒకసారి చూపించండి మీ పిల్లలకి. ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకెళ్తే చిలికా సరస్సు. పడవలో కూర్చుని ఓపిక పడితే ఇరావతి డాల్ఫిన్ల వీపులు నీళ్ళపైన మెరుస్తాయి. వెంటపడి తరమొద్దని పడవవాడికి ముందే చెప్పండి. సియాటిల్‌లో కొడుకో కూతురో వున్న తల్లులు శాన్‌వాన్ దీవిలో లైమ్‌కిల్న్ పార్కుకి వెళ్ళండి. ఒడ్డున రాళ్ళ మీద కూర్చుంటే ఓర్కాలు కనిపించే చోటది. కనిపిస్తాయని హామీ లేదు. వాటికి రావాలనిపిస్తే వస్తాయి. “రాలేదేం?” అని పిల్లవాడు అడిగితే, “వాటి పని వాటికుంటుంది నాన్నా” అని చెప్పండి. ఇతర ప్రాణులు మన వినోదం కోసం పుట్టలేదని తెలియడంకన్నా పెద్ద విజ్ఞానం ఏ పార్కులోనూ దొరకదు.

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికి వేల్ షార్క్ అనే పెద్ద సొరచేప ఒకటి కొట్టుకొచ్చింది. మత్స్యకారులు, అటవీశాఖ సిబ్బంది కలిసి నడుముల్లోతు నీళ్ళలో దిగి దాన్ని మళ్ళీ సముద్రంలోకి సాగనంపారు. రోజూ సముద్రం మీద చేపలు పట్టి బతికేవాళ్ళు వాళ్ళు. అయినా ఏది తిండికి, ఏది కాదో వాళ్ళకి తెలుసు. డిగ్రీలున్న మనకి తెలియదా?

చివరిగా ఒక్క మాట. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళాలో మగవాళ్ళు ప్రకటిస్తారు గాని, వెళ్ళేది ఎక్కడికో నిర్ణయమయ్యేది వంటింట్లోనే. టూరు ఏజెంటు ఇచ్చిన కాగితం మన చేతికి వస్తుంది. అందులో మూడోరోజు సాయంత్రం ‘డాల్ఫిన్ షో’ అని వుంటుంది. పెన్ను తీసుకుని ఆ గీత కొట్టెయ్యండి. ఎందుకని అడిగితే, ఎందుకో కొట్టేసిన చోట రాసి మరీ ఇవ్వండి. ఒక్కరు కొట్టేస్తే ఏజెంటు నవ్వుకుంటాడు. పదిమంది కొట్టేస్తే ఆలోచిస్తాడు. వందమంది కొట్టేస్తే వచ్చే వేసవికి ఆ కాగితం మీద ఆ గీతే వుండదు.